నారి విప్పిన విల్లు

గణపతిరావుకు అరవై దాటాక వేట మీదికి మనసు పోయింది. అంతకుముందు ఆయన చంపిన జీవం ఏదైనా ఉందంటే అది స్నానాలగదిలో దూరిన తేలు. దాన్ని కూడా చెప్పుతో కొట్టాక చాలాసేపు చెయ్యి కడుక్కుంటూ కూర్చున్నాడు. అలాంటి మనిషి ఒక పొద్దున్న తోట నుంచి వచ్చి, కాళ్లకు మట్టి ఉండగానే అరుగు మీద కూలబడి, "విల్లు కొంటాను" అన్నాడు.

చింతపండులో పిక్కలు తీస్తున్న కళావతి తలెత్తింది. "ఏటి కొంటారూ?"

"విల్లు. విల్లూ బాణాలూ. మల్లా పడ్డాయి పందులు. కొబ్బరి మొక్కలన్నీ వేళ్లతో సహా లేపీసినాయి."

తుపానుకు కూలిన కొబ్బరిచెట్ల చోట ఆయన పెట్టిన మొక్కలవి. జీడితోట అంచున వరసగా పెట్టి, బిందెతో నీళ్లు పోసి పెంచాడు. పందులకు టపాసులు పేల్చి చూశాడు. నాలుగు రోజులు బెదిరి, తర్వాత ఆ చప్పుడుకే అలవాటు పడిపోయాయి. కరెంటు తీగ పెడదామంటే, పక్క ఊళ్లో అలా పెట్టిన తీగకు పంది బదులు మనిషి పోయాడు. ఇక ఆయన ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. కొత్తగా విల్లు పట్టేవాడు ఎలాంటిది ఎంచుకోవాలో ఎవరెవరో చెబుతుంటే, అన్నం తింటూ కూడా వినేవాడు.

"ఫారెస్టోళ్లు కేసు ఎడతారండీ."

"సంపుతాననీసినానేటి? బెదిరిత్తాను."

"పంది తిరగబడితేనో?"

 ఆమెతో వాదించి లాభం లేదని గణపతిరావుకు తెలుసు. కళావతి భయస్తురాలు. భర్త జీడిపిక్కలు వేసుకుని పలాస వెళ్లినా, తిరిగి గుమ్మంలో చెప్పుల చప్పుడు వినేదాకా ఆమెకు చేతిలో పని సాగదు. ఆ ఇంట్లో గడప దాటేవాళ్లు ఎవరైనా సరే ‘వెళ్లొస్తాను’ అనాలి. ‘వెళ్తున్నాను’ అన్న నోటిని ఆమె వెనక్కి పిలిచి, మంచినీళ్లు తాగించి, మాట మార్పించి పంపేది. ఆమె తమ్ముడు సూరత్ పనికని రైలెక్కుతూ ‘ఎల్తన్నానే అక్కా’ అన్నాడు. ఎక్కడ దిగాడో ఇంతవరకూ తెలియదు.

అందుకే విల్లు కొనడానికి ఆయన మందస కొండల వైపు బయలుదేరినప్పుడు, ఇంట్లో కూర్చుని ఎదురుచూడలేక ఆమె కూడా ఆటో ఎక్కింది.

ఆటో ఢిల్లీరావుది. ఊరివాడే, వరసకు మేనల్లుడు. దారి పొడుగునా వెటకారమే.

"మావా, విల్లు కొన్నాక జింకొకటి అడుగుతాదేమో అత్త. జాగర్త."

"నోర్ముయ్యి. ముందు సూడు."

"ముందే సూత్తన్నాను మావా. ఎనక్కి సూత్తే నవ్వొత్తంది."

కొండ కింద సంతలో ఒక సవర ముసలివాడు విల్లులు పేర్చుకుని కూర్చున్నాడు. అన్నీ వెదురువే. నారి కూడా వెదురు బద్దే, సన్నగా చీల్చి నున్నగా గీసింది. ఎరుపూ పచ్చా రంగులు చుట్టినవి కొన్ని ఉన్నాయి. అవి గోడకు తగిలించుకోవడానికి బాగుంటాయని ముసలివాడే చెప్పాడు. గణపతిరావు వాటిని పక్కనపెట్టి, రంగులేని దాన్ని ఒకటి తీశాడు. కొన నేలకు ఆనించి చూసుకున్నాడు, గడ్డం దాకా వచ్చింది. రెండు పక్కలా వంపు సమంగా ఉందా, కణుపుల దగ్గర పగుళ్లున్నాయా అని గోరుతో గీకి మరీ చూశాడు. అంతా వీడియో చదువే. తర్వాత నారి పట్టుకుని లాగాడు. జానెడు వచ్చి ఆగిపోయింది. పళ్లు బిగించి ఇంకాస్త లాగేసరికి చేతులు వణికి, తాటాకు గొడుగు కింద కూర్చున్న ఉల్లిపాయలమ్మే మనిషి మీదికి తూలాడు.

"ఓలమ్మో! ఏటి బాబూ, నానేటి పందినా?" అని ఆమె అరిచింది. సంతంతా నవ్వింది.

"శివుడి విల్లే గావాలి మావా నీకు. ఇరిగిపోతే పెల్లి కూడా అయిపోద్ది" అన్నాడు ఢిల్లీరావు.

ముసలివాడు మాత్రం నవ్వలేదు. ఇంకో రెండు ఇచ్చి చూశాడు. అవీ బిగువే. "కొత్త విల్లు ఇలాగే ఉంటాది. సెయ్యి అలవాటవ్వాల. ఏడాది లాగితే లొంగుద్ది" అన్నాడు. గణపతిరావుకు ఏడాది ఆగే ఓపిక లేదు. నారిని చెంప దాకా లాగి, ఊపిరి పీల్చి వదిలినంతసేపు చెయ్యి వణక్కుండా నిలపగలిగేదే మొదటి విల్లుగా తీసుకోవాలని ఆయన విన్నాడు. అలాంటిది పైన గూడెంలో దొరుకుతుందేమోనని ఆటోను ఇంకా పైకి పోనిచ్చాడు.

గూడెం దాదాపు ఖాళీగా ఉంది. ఆఖరి ఇంటి వసారాలో ఒకడు జీలుగు కల్లు తాగుతూ కూర్చున్నాడు. అతని తల మీద, చూరుకు కట్టిన రెండు కొక్కేల్లో ఒక విల్లు వేలాడుతోంది. చెయ్యి తగిలి తగిలి నల్లగా నిగనిగలాడుతోంది. నారి బిగించే ఉంది.

గణపతిరావు దాన్ని దించి లాగాడు. అది మెత్తగా వచ్చింది. చెంప దాకా వచ్చింది. ఆయన ఊపిరి తీసి వదిలాడు. చెయ్యి వణకలేదు. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది.

"ఇదే. నా సేతికే సేసినట్టుంది. ఎవులిదిది?"

"మా అన్నది బాబూ" అన్నాడు కల్లు తాగేవాడు.

"అన్నేడీ?"

"అన్న ఇక్కడుండడు." అతను కొండ వైపు చూడకుండా నేల వైపు చూశాడు. "వదిన జీడితోట పనికెల్లింది. నాను ఇచ్చేత్తాను, తీస్కెల్లిపొండి."

కళావతికి ఆ మాటలో తొందర నచ్చలేదు. వసారాలో గోడవార కుండల దగ్గర్నుంచి చాప దాకా అన్నిటి మీదా దుమ్ముంది. విల్లు మీద లేదు. "ఆమె వచ్చాక అడుగుదావండీ" అంది. గణపతిరావు అప్పటికే డబ్బు తీసి అతని చేతిలో పెట్టేశాడు.

ఆటోలో విల్లు అడ్డంగా పట్టలేదు. రెండు కొనలూ బయటికి పొడుచుకొచ్చాయి. ఎవరి కన్నయినా పోతుంది, పోలీసులు ఆపుతారు అని ఢిల్లీరావు గొణిగాడు. "అయినా విల్లుకి నారి ఎప్పుడూ ఎక్కించి ఉంచకూడదురా. అలిసిపోద్ది. పనయ్యాక ఇప్పీయాల" అన్నాడు గణపతిరావు, ఎన్నాళ్లనుంచో వేటాడుతున్నవాడిలా. ఒక కొన పాదానికి ఆనించి, నడుము దగ్గర మోకాలితో వంచి, పై ముడి జార్చాడు.

నారి వేలాడింది. విల్లు తిన్నగా సాగలేదు. ఏళ్ల తరబడి వంగి వంగి ఆ వంపులోనే నిలిచిపోయింది. అది మెత్తగా రావడానికి కారణం అదేనని, అందులో బిగువు చచ్చిపోయిందని ఆయనకు తట్టలేదు. సాధువైన విల్లు దొరికిందనుకుని మురిసిపోయాడు.

కళావతికి మాత్రం ఏదో ఆగినట్టు తెలిసింది. గూడెంలోకి వచ్చినప్పటినుంచీ చెవిలో సన్నగా ఏదో మోగుతోందని, అది ఆగాకనే ఆమెకు తెలిసింది. వెనక్కి తిరిగి చూస్తే వసారాలో మనిషి లేచి నిలబడి ఉన్నాడు. అతని చూపు వాళ్ల మీద లేదు, కొండెక్కే కాలిబాట మీదుంది. కాసేపు అలాగే చూసి, కల్లుకుండ అక్కడే వదిలి, లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

మర్నాడు గణపతిరావు జీడితోటలో గోనెసంచికి కొబ్బరిపీచు కుక్కి, చెట్టుకు కట్టి, గురి మొదలుపెట్టాడు. నారి మళ్లీ ఎక్కించాడు. మధ్యాహ్నం ఆడకూలీలు అన్నాలకు పోయాక తోటలో మనిషి అలికిడి ఉండదు. పూత వాసన ముక్కుకు పట్టేసే రోజులు. నేలంతా ఎండిన జీడాకు. పిచ్చుక దిగినా చప్పుడు తెలుస్తుంది.

కళావతి మజ్జిగ చెంబు పట్టుకుని గట్టు మీద నిలబడింది. మొదటి బాణం సంచికి చాలా ఎడంగా పోయింది. నారి టంగుమని మోగింది. పాత విల్లే అయినా ఆ మోత తోట దాటి పోయింది. తర్వాత, తోట ఆ చివర పడమటి పక్కన, ఎండాకు మీద అడుగు పడ్డ చప్పుడయింది.

ఒక్క అడుగు. ఆమె అటు చూసింది. ఎవరూ లేరు.

గణపతిరావు రెండో బాణం వదిలాడు. నారి మోగింది. మళ్లీ అడుగు, ఇంకొంచెం ఇవతలికి. నారి మోగినంతసేపే నడిచి, అది ఆగగానే ఎవరో ఆగి చెవి ఒగ్గుతున్నట్టుంది.

"ఏవండీ, ఎవులో వత్తన్నారు."

"పందైతే మంచిదే" అన్నాడు ఆయన, మూడోది ఎక్కుపెడుతూ.

ఆ వారమంతా అలాగే సాగింది. రోజూ మధ్యాహ్నం నారి మోగేది, రోజూ ఆ అడుగులు కొంత దగ్గరికి వచ్చేవి. మొదట పడమటి గట్టు, తర్వాత నుయ్యి, తర్వాత పనసచెట్టు. కూలికొచ్చే ఆడవాళ్లలో చిన్నతల్లి అనే ఆమె, పనసచెట్టు కింద తను దాచుకున్న అన్నం గిన్నె ఎవరో మూత తీసి చూసి మళ్లీ పెట్టారని చెప్పింది. అన్నం తినలేదట. ఊరికే చూశారట.

గణపతిరావుకు గురి కుదరసాగింది. అది కళావతిని మరీ భయపెట్టింది. పిక్కలబస్తా సరిగా మూతి కట్టడం రాని మనిషి, వారం తిరక్కుండా గోనెసంచి మీద సున్నం బొట్టు పెట్టుకుని దాన్నే కొడుతున్నాడు.

"ఎలా వచ్చింది మీకిది?"

"నేర్పుతున్నాడు కదా" అన్నాడు ఆయన అన్నం కలుపుకుంటూ.

"ఎవులు?"

ఆయనకు జవాబు తెలిసినట్టే ఉండి, నాలుక చివర జారిపోతున్నట్టుంది. "మోచెయ్యి కిందికి దిగిపోతే, ఎనకనుంచి ఇలాగ ఎత్తుతాడు. మంచోడే. ఏటీ మాటాడ్డు" అన్నాడు. ఎడమచేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని చూపించాడు. అక్కడ చర్మం మీద నాలుగు వేళ్ల గుర్తులున్నాయి, ఎర్రగా కాదు, తడి మట్టి ఆరిన మరకల్లా. కళావతి కొంగు తడిపి తుడిచింది. పోయాయి. మర్నాడు మళ్లీ ఉన్నాయి.

ఆ తర్వాతి పొద్దున్న ఆమె వాకిలి ఊడవడానికి తలుపు తీసేసరికి, గోడకు ఆనించి ఒక మోపు కనిపించింది. బాణాలకు వాడే సన్నటి వెదురు పుల్లలు, అడవి తీగతో కట్టినవి. అవి పచ్చిగా ఉన్నాయి, మంచుకు తడిసి ఉన్నాయి. కొండ కింద ఈ ఉద్దానం ఊళ్లలో ఆ వెదురు లేదు. ఆ రాత్రి మంచూ కురవలేదు.

"సూసినావా, పుల్లలు తెచ్చిపెట్టినాడు" అని గణపతిరావు సంతోషంగా లోపలికి మోసుకుపోయాడు.

కళావతి చీపురు అక్కడే వదిలేసి అరుగు మీద కూర్చుంది. కోడలున్నా కొడుకున్నా చెప్పుకునేది. బిడ్డలు పుట్టలేదు వాళ్లకు. ఎవరికి చెబుతుంది? పోలీసులకు చెప్పేది కాదు. గుడిలో అయ్యగారికి చెబితే దిష్టి తీయమంటాడు. ఆమె ఇలా అనుకుంటుండగానే, గణపతిరావు చొక్కా తొడుక్కుని బయటికి వచ్చాడు. తిండి తినలేదు. భుజాన విల్లుంది.

"ఈ తోటలో పందులు నేవట. కొండ మీదున్నాయట. సాయంత్రం తీస్కెల్తానన్నాడు" అన్నాడు. "ముందు పుల్లలు సెక్కాల. తోటకి ఎల్తన్నాను."

ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన ఆ మాట అలా అనడం అదే మొదలు. ఆమె "ఏవండీ" అని పిలిచింది. ఆయన ఆగాడు గాని, వెనక్కి తిరగలేదు. "ఎల్లొత్తాననండి" అంది. ఆయన నవ్వాడు. ఎవరో అర్థంకాని భాషలో మాట్లాడితే మర్యాదకు నవ్వినట్టు నవ్వి, గట్టు దిగి వెళ్లిపోయాడు.

కళావతి ఇంటికి తాళం కూడా వెయ్యకుండా ఢిల్లీరావు ఆటో ఎక్కింది.

"మావ బాగున్నాడా అత్తా?"

"బేగి పోనీ నాయనా."

ఆమె మొహం చూసి వాడు ఆ రోజు ఒక్క వెటకారం కూడా ఆడలేదు.

గూడెంలో ఆ ఆఖరి ఇంటి వసారాలో ఈసారి ఒక సవర ఆడమనిషి కూర్చుని ఉంది. యాభై పైనే ఉంటాయి. చూరు కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. కళావతి ఆటో దిగుతుండగానే ఆమె లేచింది.

"నువ్వేనా?" అంది. "నా విల్లు పట్టుకుపోయింది మీరేనా?"

"మేం తెలీక—"

"నా మరిది తాగుబోతు. ఆడికి తెలుసు, తెలిసే అమ్మినాడు. మీకు తెల్దు. అయితేటి, తెల్నోడు నిప్పట్టుకుంటే కాలదేటి?" ఆమె పేరు సుక్కమ్మ. తిట్టవలసినంతా తిట్టింది. కళావతి తల వంచుకుని నిలబడి విన్నది. తిట్లయ్యాక సుక్కమ్మే ఆమెను కూర్చోమని చాప చూపించింది.

కొండ మీద మంచు దిగితే పక్కనున్న మనిషి కనిపించడని సుక్కమ్మ చెప్పింది. అడవికి పోయినవాళ్లు దారి తప్పకుండా ఇంటి దగ్గరున్నవాళ్లు విల్లు తీసి నారి మోగిస్తారు. ఆ మోత వచ్చే దిక్కే ఇల్లు. ఎవరి విల్లు మోత ఎలా ఉంటుందో వాళ్ల మనుషులకు తెలుస్తుంది. సుక్కమ్మ మొగుడు బాణాల పుల్లలకని విల్లు ఇంట్లోనే పెట్టి కొండెక్కాడు. మంచు దిగింది. ఆమె మోగించింది. అతను రాలేదు. మర్నాడు వెతికినవాళ్లకు ఏమీ దొరకలేదు. పులి ఎత్తుకుపోయిన గుర్తూ లేదు, లోయలో పడ్డ గుర్తూ లేదు. అప్పటినుంచి ఇన్నేళ్లుగా ఆమె రోజూ పొద్దున్న నారి మోగిస్తూనే ఉంది. అలా పోయినవాడి విల్లుకు నారి విప్పకూడదు. పోయాడని తెలిసిన రోజున, పెద్దలంతా కూర్చుని, ఏడ్చి, అప్పుడు విప్పుతారు. విప్పడమంటే ఇక రావద్దని అతనికి చెప్పడం.

"బతికున్నోడో సచ్చినోడో నాకే తెల్దు" అంది సుక్కమ్మ. "అలాటోన్ని మీరు ఇప్పీసి సచ్చినోన్ని సేసినారు. సేసి, మల్లా ఎక్కించి పిలిసినారు. మరింక ఏటి రూపంతో వత్తాడమ్మా?"

 భర్త మోచెయ్యి మీది వేళ్ల సంగతి, మోపు సంగతి కళావతి చెప్పింది. సాయంత్రం కొండకు తీసుకెళ్తానన్నాడని చెప్పింది.

పుల్లల మోపు మాట దగ్గర సుక్కమ్మ కళ్లు మూసుకుంది. 

"ఆడికేం పగనేదు. ఆడి విల్లు మోగిన సోటే ఇల్లనుకున్నాడు. ఇంట్లో విల్లు పట్టినోడు ఏటకి జత. జతగాన్ని పిలవడం మరియాద. అయితే ఆడు ఎల్లే కొండ ఈ కొండ కాదు."

"నేను పోయి నారి ఇప్పీయనా?"

"ఇప్పుడిప్పితే అక్కడే ఉండిపోతాడు. మీ తోటలోనే. నీ మొగుడి పక్కనే." సుక్కమ్మ లేచి కొంగు బిగించింది. "పద. నాను తోలుకొచ్చుకుంటాను."

వాళ్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. గణపతిరావు పనసచెట్టు కింద నిలబడి ఉన్నాడు. భుజాన విల్లు, నడుముకు చెక్కిన పుల్లలు. మొహం పడమటి వైపుంది. ఆయన పక్కన ఒక మనిషి పట్టేంత మేర ఎండాకు అణిగి ఉంది.

"ఏవండీ" అంది కళావతి. ఆయన చూడలేదు.

సుక్కమ్మ ఆయనకు ఎదురుగా వెళ్లి నిలబడింది. ఆయన్ని కాదు, ఆ పక్కన ఖాళీని చూసింది. సవర భాషలో మెల్లగా ఏదో అడిగింది. జవాబు గణపతిరావు నోటినుంచి వచ్చింది. పుట్టి బుద్ధెరిగి ఆయన సవర మాట ఒక్కటీ నేర్చుకోలేదు. గొంతు ఆయనదే. మాట ఆయనది కాదు.

సుక్కమ్మ చెయ్యి చాచింది. గణపతిరావు భుజం మీది విల్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఏటన్నాడు?" అని కళావతి అడిగింది.

"ఆకలేత్తంది, అన్నం వండినావా అన్నాడు" అంది సుక్కమ్మ. "నువ్వు నీ మొగుడి సెయ్యి పట్టుకో. అడుగు ముందుకెయ్యనీకు. ఆపలేకపోతే పక్కనే నడు గానీ సెయ్యి మాత్రం వదలకు. నాను ఎనక్కి సూడను, నన్ను పిలవకు."

ఆమె నారి లాగి వదిలింది. గణపతిరావు వదిలినప్పుడు టంగుమనేది. ఆమె వదిలితే వేరేగా మోగింది, మెత్తగా, ఇంటివాళ్లను పేరుపెట్టి పిలిచినట్టు. ఆమె నడక మొదలుపెట్టింది. ఆమె వెనక, మనిషి దూరంలో, ఎండాకు నలిగింది.

గణపతిరావు కాళ్లూ కదిలాయి. కళావతి రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి ఈడ్చింది. ఆయన ఆగలేదు. నారి మోగినప్పుడల్లా ఆయన వేళ్లు ఆమె చేతిలో ముడుచుకుంటున్నాయి, కనపడని నారిని లాగుతున్నట్టు. అంత బలం ఆ మనిషిలో ఆమె ఎన్నడూ ఎరగదు. గట్టు దాటారు. నుయ్యి దాటారు. తోట అయిపోయి తారురోడ్డు వచ్చింది. ఇక వెనక అడుగులు వినిపించవు. సుక్కమ్మ వెనక్కి చూడకుండా, తడబడకుండా, నారి మోగిస్తూ పోతోంది. దారిలో ఎదురైనవాళ్లు ఎవరో కొండమనిషి మొక్కు తీర్చుకుంటోందనుకుని తప్పుకున్నారు. ఒక కుక్క రోడ్డు మధ్య పడుకుని ఉంది. సుక్కమ్మ పక్కనుంచి పోతే కదల్లేదు. ఆమె దాటిన తర్వాత గబుక్కున లేచి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని దారి ఇచ్చింది.

పూండి ఊరి దగ్గర రైలు గేటు వేసి ఉంది. గేటుకు ఇవతల బళ్లు ఆగి ఉన్నాయి. సుక్కమ్మ గేటు దగ్గర నిలబడి, నారి మోగిస్తూనే ఉంది. రైలు వచ్చింది. గూడ్సు బండి, తోక కనిపించనంత పొడుగు. ఆ హోరులో నారి మోత మునిగిపోయింది. ఆమె వేళ్లు కదలడం కనిపిస్తోంది, మోత లేదు.

కళావతి ఆ వేళ్ల వైపే చూసింది. మోత వినపడకపోతే అతను ఎటు పోతాడు? రోడ్డు మధ్య నిలబడి చెవి ఒగ్గి వింటుంటాడా? వినపడక, తెలిసిన చెయ్యి ఏదని వెతుక్కుంటాడా? ఆమె చేతిలో గణపతిరావు చెయ్యి చల్లబడింది. ఆయన మోచెయ్యి మెల్లగా పైకి లేవసాగింది. ఎవరో కిందనుంచి ఎత్తుతున్నారు.

ఆమె జీవితంలో మనుషులు చేతులు విడిపించుకుని పోయారు. రైలు కిటికీలోంచి, వాకిట్లోంచి, ఆస్పత్రి మంచం మీదినుంచి. ప్రతిసారీ ఆమె మర్యాదగా వదిలేసింది. ఈసారి వదల్లేదు. ఆ మోచేతిని రెండు చేతులా చుట్టి, దాని మీద తన బరువంతా వేసి వేలాడింది. తన అరచేతి కింద, భర్త చర్మానికీ తన చర్మానికీ మధ్య, తడి మట్టిలా చల్లగా ఇంకొక చెయ్యి ఉన్నట్టు ఆమెకు తెలిసింది.

"నాయనా" అంది ఆమె, భర్తను కాదు. "ఈయన నా మనిషి. నీ మనిషి అదిగో, గేటు కాడుంది. నీకోసమే ఏళ్లనుంచి మోగిత్తంది. ఎల్లు నాయనా, అన్నం సల్లారిపోద్ది."

ఆఖరి పెట్టె పోయింది. హోరు పల్చబడింది. దానిలోంచి నారి మోత బయటపడింది, ఆగకుండా, ఒకే తీరుగా.

అరచేతి కింద చల్లదనం పోయింది. మళ్లీ మోగింది నారి. గణపతిరావు వేళ్లు ముడుచుకోలేదు. ఇంకోసారి మోగింది. ఆయన వేళ్లు ఆమె చేతిలో పెద్దవాళ్ల వేళ్లలా వదులుగా, వెచ్చగా ఉన్నాయి.

"ఏటే, నా సెయ్యిరిసేత్తావా?" అన్నాడు ఆయన నొప్పితో. చుట్టూ చూశాడు. "గేటు కాడికి ఎందుకొచ్చినాం? ఆకలేత్తంది నాకు."

పెద్ద గేటు ఇంకా లేవలేదు. సుక్కమ్మ పక్కనున్న కాలినడక వాళ్ల చిన్న గేటు తోసుకుని పట్టాల వైపు దాటింది. దాటి, చంకలో విల్లు ఇరికించుకుని, వెనక్కి తిరగకుండానే ఒక చెయ్యి వెనక్కి చాచి ఆ గేటును తెరిచి పట్టుకుంది. వెనకవచ్చే మనిషి కూడా దాటడానికి ఎంతసేపు పట్టుకోవాలో అంతసేపు పట్టుకుంది. తర్వాత వదిలింది.